రేయ్ అని పిలిస్తే పలికే పేరు

మా అన్నయ్యకి బాబు పుట్టాడు. రాత్రి 2:40కి. ఆ టైమ్‌కి నేను ఆఫీసులో రిలీజ్ ఒకటి నెత్తిన వేసుకుని మేలుకునే ఉన్నా. అందుకే ఫ్యామిలీ గ్రూపులో పడ్డ ఫొటో అందరికంటే ముందు చూసింది నేనే. ఫొటో కింద రెండో మెసేజ్ మా అమ్మది. "స్వాతి రెండో పాదం. అక్షరం రే." బరువెంత, వదిన ఎలా ఉంది అన్న సంగతులు దాని తర్వాత వచ్చాయి.

మా ఇంట్లో పేరు వెతికే పని మేనత్తది. అన్నయ్యకీ నాకూ మా మేనత్తే పెట్టింది. ఇప్పుడు ఆ డ్యూటీ నాకొచ్చింది. పైగా "నువ్వు కంప్యూటరు దానివి కదే, నీకెంతసేపు" అన్నారు. నేను బ్యాంకింగ్ యాప్‌లో బ్యాకెండ్ రాస్తాను. దానికీ పిల్లాడి పేరుకీ సంబంధం ఏంటో నాకు తెలీదు. కానీ ఇంజనీరింగ్ చదివిన వాళ్లం టీవీ రిమోట్ దగ్గర్నుంచి పిల్లల పేర్ల దాకా అన్నీ చెయ్యాలి, మీకు తెలిసిందే.

అక్షరం గోల తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నక్షత్రాలు 27. ఒక్కోదానికి నాలుగు పాదాలు. మొత్తం 108. ప్రతి పాదానికీ ఒక అక్షరం రాసిపెట్టి ఉంటుంది. చంద్రుడు ఒక నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు కాబట్టి, లెక్క వేస్తే సుమారు ఆరు గంటలకోసారి అక్షరం మారుతుంది. స్వాతికి రూ, రే, రో, తా. దానికి ముందున్న చిత్తకి పే, పో, రా, రీ. ఇందులో అదృష్టం, దురదృష్టం రెండూ ఉన్నాయి. హస్త మూడో పాదంలో పుడితే "ణా" వస్తుంది. ణాతో పేరు చెప్పండి చూద్దాం. ఆరుద్రలో పుట్టిన పాపం పిల్లలకి ఒక పాదంలో "ఙ" కూడా ఉంది.

దాంతో పోలిస్తే రే నయమే. ఆడపిల్లయితే రేవతి, రేణుక, రేఖ ఉన్నాయి. మగపిల్లాడికి? నాకు తట్టింది ఒక్కటే, రేవంత్. మా ఇంట్లో దానికి పడ్డ ఓట్లు సున్నా. "పేరు చెప్పగానే అందరూ రాజకీయాలు మొదలుపెడతారు" అని నాన్న ఒక్క మాటతో కొట్టేశాడు. అక్కడ నా స్టాకు అయిపోయింది.

వదిన మాత్రం ముందే సిద్ధంగా ఉంది. హాస్పిటల్ బెడ్ మీదే ఫోన్ తిప్పి నాకు చూపించింది. రేయాన్ష్. కింద అర్థం కూడా ఉంది: సూర్యుడి మొదటి కిరణం. పక్కన "అరుదైన పేరు, మోడర్న్ పేరు" అని రెండు ఆకుపచ్చ ట్యాగులు.

"బాగుంది వదినా" అన్నా. నిజంగానే బాగుంది. నోటికి తేలిగ్గా ఉంది, ఆఫీసులో ఎవరికైనా ఒక్కసారి చెబితే చాలు.

ఇంటికొచ్చాక నాయనమ్మకి చెప్పాను. ఆవిడకి ఎనభై దాటాయి, చెవి ఒకటి సరిగా పనిచెయ్యదు. రెండోసారి చెప్పించుకుంది. తర్వాత కాసేపు ఆగి అడిగింది.

"రేయి అంశా? అంటే రాత్రి ముక్కనా?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. "రేచీకటిలో రే కదే అది. రేయింబవళ్లు అంటాం, రేరాజు అంటాం. సూర్యుడెక్కడున్నాడు ఇందులో?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రేయి అచ్చ తెలుగు మాట. తమిళంలో రాత్రిని ఇరవు అంటారు, అది దీనికి చుట్టం. తెలుగు చెవికి "రే" అని వినబడగానే ముందు తగిలేది చీకటే. సూర్యకిరణం అని యాప్ చెబుతోంది, రాత్రి అని నాయనమ్మ చెబుతోంది. ఆఫీసులో రెండు సిస్టమ్స్ ఒకే డేటాకి రెండు జవాబులు ఇస్తే ఏం చేస్తామో అదే చేశా. లాగ్స్ తవ్వడం మొదలుపెట్టా.

మొదట పేర్ల సైట్లు. ఒక రాత్రంతా కూర్చుని డజను దాకా తెరిచి చూశా. కొన్నింట్లో "సూర్యుడి మొదటి కిరణం", కొన్నింట్లో "కాంతి కిరణం", కొన్నింట్లో "విష్ణుమూర్తి అంశ". రెండు మూడింట్లో అర్థం ఒకటే కాదు, అందులో ఉన్న అక్షర దోషం కూడా ఒకటే. ఒకరిది ఒకరు కాపీ కొట్టుకున్నారన్నమాట. ఏ సంస్కృత నిఘంటువు, ఏ పురాణం, ఏ శ్లోకం, ఎక్కడా ఒక్క ఆధారం ఇవ్వలేదు. నాకో అనుమానం. ఇలాంటి సైటు కట్టేటప్పుడు పేరు పక్కన అర్థం అనే గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉండకూడదు అని ఎవరో నాలాంటి వాడు రూల్ పెట్టుంటాడు. ఖాళీగా వదిలే వీలు లేనప్పుడు మనిషి ఏదో ఒకటి నింపుతాడు. ఇది నేనూ చేశాను, ఒట్టు.

ఇక లాభం లేదని మా స్కూల్ తెలుగు మాస్టారికి ఫోన్ చేశా. పదో తరగతి తర్వాత పండగలకి మెసేజ్ పెట్టడమే తప్ప మాట్లాడింది లేదు. విషయం చెప్పగానే ఆయన గొంతులో హుషారు వచ్చింది.

"అంశ అంటే భాగం. అది సరే. ముందు రే సంగతి తేల్చు. రవి అనుకున్నారా? రవి, అంశ కలిస్తే ఏమవుతుంది?"

పదమూడేళ్ల తర్వాత నన్ను మళ్లీ బెంచీ ఎక్కించాడు. యణాదేశ సంధి. "రవ్యంశ, సార్."

"కదా. రేయాంశ ఎలా అవుతుంది? పోనీ రేయి అనుకుంటే అది తెలుగు, అంశ సంస్కృతం. తెలుగు మాట పక్కన సంస్కృతం మాట తెచ్చి కడితే దాన్నేమంటాం?"

ఇది నాకు గుర్తు రాలేదు. ఆయనే చెప్పాడు, వైరి సమాసం అని. శత్రువులిద్దర్ని ఒక తాడుతో కట్టినట్టు.

"ఇంకోటి చూడు. రేయి, అంశ కలిసినా రేయంశ అవ్వాలి. యా దీర్ఘం ఎక్కడిది?"

దీర్ఘం ఎక్కడిదో ఆ రాత్రి పడుకున్నాక నాకు తట్టింది. ఉత్తరాది వాళ్ల పేర్లలో ఒక పెద్ద కుటుంబం ఉంది. శివాంశ్, దేవాంశ్, వేదాంశ్, దివ్యాంశ్, ప్రియాంశ్. వీటిలో దీర్ఘం న్యాయంగా వచ్చింది. శివ చివర అ, అంశ మొదట అ, రెండూ కలిస్తే ఆ. సవర్ణదీర్ఘ సంధి, అందరికీ తెలిసిందే. దివ్య, అంశ కలిస్తే దివ్యాంశ. ప్రియ, అంశ కలిస్తే ప్రియాంశ. ఆ పేర్లు చెవిన పడీ పడీ "యాంశ్" అనే తోక ఒకటి విడిగా ఊడొచ్చి ఉంటుంది. దాని ముందు ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరం తగిలించొచ్చు. రే కావాలా, రేయాంశ్. రి కావాలా, రియాంశ్. కోడ్ రాసే వాళ్లకి ఇది బాగా తెలిసిన జబ్బే. వేరే ఫైల్లోంచి నాలుగు లైన్లు కోసి తెచ్చి అతికిస్తాం. అక్కడ డిక్లేర్ చేసిన వేరియబుల్ ఇక్కడ ఉండదు. అయినా ఎలాగో రన్ అయిపోతుంది, ఎవరూ ముట్టుకోరు.

మరి కిరణం ఎక్కడి నుంచి దూరింది? దీనికి రెండు దారులు కనిపించాయి నాకు. ఒకటి, సంస్కృతంలో అంశ వేరు, అంశువు వేరు. అంశువు అంటే నిజంగానే కిరణం. భగీరథుడి తాత పేరు అంశుమంతుడు, అంటే కిరణాలు కలవాడు. అంశకీ అంశువుకీ మధ్య ఒక కొమ్ము తేడా. ఎవరో ఆ కొమ్ము చూసుకోలేదు. రెండోది ఇంకా సింపుల్. ఇంగ్లీషులో కిరణాన్ని రే అంటారు. ఎక్స్‌రేలో రే. సగం ఇంగ్లీషు, సగం సంస్కృతం. ఏది నిజమో తేల్చే సాక్ష్యం లేదు గానీ, మీరు నమ్మాలనుకుంటే రెండోదానికే నా ఓటు.

మాస్టారు మర్నాడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి ఆయనంతట ఆయనే. "రాత్రి నిద్ర పట్టలేదురా... సారీ, రా అంటున్నా, అలవాటు. ద్వాదశాదిత్యుల్లో ఒకడి పేరు అంశుడు. సూర్యుడు కావాలంటే అంశ అన్న మాటలోనే ఉన్నాడు. పైగా రేతోనే సూర్యుడి కొడుకు ఉన్నాడు, రేవంతుడు. గుర్రం మీద తిరుగుతుంటాడు. మార్కండేయ పురాణంలో ఉంది. ఆ పేరు పెట్టకూడదా?" రేవంత్‌ని నాన్న ఎందుకు కొట్టేశాడో ఆయనకి చెప్పలేదు. మీరే ఆలోచించండి. సూర్యుడితో నిజంగా చుట్టరికం ఉన్న రే పేరు ఒకటి మన దగ్గర ఉంది. దాన్ని పక్కన పెట్టి, సూర్యుడు అసలు లేని రే పేరుని సూర్యకిరణం అని పెట్టుకోబోతున్నాం.

ఇదంతా పట్టుకెళ్లి వదిన ముందు పెట్టానా? పెట్టాను. కొంచెం గర్వంగానే పెట్టాను. స్లైడ్స్ ఒక్కటే తక్కువ.

వదిన అంతా విని, బాబుని భుజం మార్చుకుని, ఒక్కటే అడిగింది. "నా పేరు నీకు పూర్తిగా తెలుసా?"

తెలుసు. వదిన పేరులో ముగ్గురు దేవతలున్నారు, అందరూ కలిసి ఒకటే మాట. వాళ్ల అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరినీ మెప్పించడానికి కుట్టిన పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు, మనలో చాలామందికి జరిగినట్టే. కంపెనీ అమెరికా పంపినప్పుడు వీసాలో ఉన్న ఒకే పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయింది. పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. మొదటి పేరు తెలియదు అని అర్థం. అక్కడి ఆఫీసులో బ్యాడ్జి మీద, బ్యాంకు కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే. కొత్త వాళ్లు అదే పేరనుకుని "హాయ్ ఫ్నూ" అని పలకరించేవాళ్లట.

"రెండేళ్లు నా పేరు ఎవరికీ తెలియదు అని మెళ్లో వేసుకుని తిరిగాను. నా కొడుకు పేరు ఎవరైనా ఒక్కసారి వింటే పలకాలి. అర్థం తర్వాత చూసుకుందాం" అంది.

యణాదేశ సంధి దీనికి జవాబు చెప్పదు. నేను ల్యాప్‌టాప్ మూసేశా.

అరుదైన పేరు అన్న ట్యాగు సంగతి మాత్రం నెల తిరక్కుండానే తేలిపోయింది. టీకాలకి వెళ్లాం. అప్పటికి పేరు ఖాయం కాలేదు, ఫైల్ మీద "బేబీ ఆఫ్" అని వదిన పేరు ఉంది. నర్సు బయటికొచ్చి "రేయాన్ష్" అని పిలిచింది. ఇద్దరు అమ్మలు లేచి నిలబడ్డారు. వదిన కూడా సగం లేచి మళ్లీ కూర్చుంది. ఆ మొహం చూసి నవ్వాలో ఓదార్చాలో అర్థం కాలేదు నాకు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. హైదరాబాద్‌లో రే అక్షరం వచ్చిన ప్రతి తల్లీ ఫోన్‌లో కొట్టేది "రేతో అరుదైన మగపిల్లల పేర్లు" అనే. అందరికీ వచ్చేది అదే లిస్టు, అందులో పైన ఉండేది అదే పేరు. అందరూ అరుదు కోసం ఒకే కొట్టుకి వెళ్తే ఇంకేమవుతుంది.

ఎంతమంది ఉన్నారో లెక్క కావాలనిపించింది నాకు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్లు ప్రతి ఏడాదీ ఆ ఏడు పుట్టిన పిల్లల పేర్లు సంఖ్యలతో సహా పెడతారు. కనీసం ఐదుగురికి పెట్టిన పేరైతే చాలు, లిస్టులో ఉంటుంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ లిస్టులో మన రేయాన్ష్ కూడా ఉన్నాడు. రేయాన్ష్‌లు అక్కడి దాకా వెళ్లారు గానీ, ఇక్కడ మన గల్లీలో ఎంతమంది ఉన్నారో అలా చూసుకునే లిస్టు మనకి లేదు. మన దగ్గర టీకాల క్యూయే లెక్క.

ఇప్పుడు ఒక పాత లెక్క కూడా చెప్పాలి. మా నాన్న పేరు చివర "ఈష్" ఉంటుంది. రమేష్, సురేష్, మహేష్ బ్యాచ్. ఆ పేరు పెట్టింది నాయనమ్మే, ఎవర్నీ అడగకుండా. అప్పట్లో ఒక వారపత్రిక సీరియల్లో హీరోకి ఆ పేరు ఉండేదట. వాళ్ల అత్తగారు నెల రోజులు మాట్లాడలేదట. "అయ్య లేదు, అప్ప లేదు, రావు లేదు. గాలి తీసేసినట్టు ఈష్ ఏంటి? నా నోరు తిరగదు" అని, ఆవిడ చివరిదాకా నాన్నని చిన్నోడా అనే పిలిచిందట. తెలుగు మాట అచ్చుతో ఆగాలి. రాముడు, సోమయ్య, సీత. హల్లు మీద ఆగే మగ పేర్లు ఆ రోజుల్లో ఆ ఊళ్లో కొత్త.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి ఉంది. రమ, ఈశుడు కలిస్తే రమేశ. అది తాలవ్య శ. శంకరుడి శ. మనం రాసేది రమేష్ అని, షట్కోణం ష. శ ఎక్కడ పోయింది? రేయాంశ్‌లోనూ అదే దొంగతనం జరిగింది. హిందీలో అంశ అని శతోనే రాస్తారు, చివరి అ పలకరు, అంశ్ అవుతుంది. అది ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు సున్న పోయి ఎన్ వచ్చింది, శ పోయి ఎస్‌హెచ్ వచ్చింది. మళ్లీ ఇంగ్లీషులోంచి తెలుగులోకి వచ్చినప్పుడు ఎన్ న్ అయింది, ఎస్‌హెచ్ ష్ అయింది. అంశ్ బయల్దేరితే అన్ష్ చేరింది. మా భాషలో దీన్ని రౌండ్ ట్రిప్ ఫెయిల్యూర్ అంటాం. డేటా ఒక ఫార్మాట్లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ముక్కూ చెవీ మారిపోతాయి. ఫోన్ కీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి చూడండి, మీకూ రేయాన్ష్ అనే వస్తుంది. కాబట్టి రేయాన్ష్ అని రాసే వాళ్లని చూసి నవ్వే ముందు, రమేష్ అని రాసుకునే వాళ్లం ఒకసారి ఇంట్లో చూసుకోవాలి. నేను చూసుకున్నా. నాన్న ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

నాయనమ్మకి ఈ శ, ష గొడవ చెబితే ఆసక్తిగా వింది గానీ, ఆవిడ మనసు అక్కడ లేదని నాకు తెలుసు. తాత పోయి ఏడాదిన్నర. మా వైపు మనవడికో మునిమనవడికో తాత పేరు పెట్టడం మామూలే. ఆవిడ ఎవర్నీ అడగలేదు. అమ్మ ఒకరోజు వంటింట్లో మెల్లగా చెప్పింది. బాబు పుట్టిన రోజు నాయనమ్మ పంచాంగం తెప్పించుకుని వేలితో లెక్కపెట్టుకుందట. రా అక్షరం ముందు రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకే అయిపోయింది. తర్వాత రీ, ఆ తర్వాత రూ, అర్ధరాత్రి దాటాక రే. తాత పేరు రాతో మొదలవుతుంది. ఇంకో పద్నాలుగు గంటలు ముందొచ్చి ఉంటే ఆవిడ అడిగి ఉండేదేమో. పంచాంగం మూసి కళ్లజోడు తీసేసిందట, అంతే.

ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అక్షరం కుదరకపోయినా నామకరణం పేరొకటి, పిలుపు పేరొకటి పెట్టుకోవచ్చు, రెండు పేర్లున్న వాళ్లు ఎంతమంది లేరు అని వదినతో అనబోయాను. వదిన ముందే అంది. "నాకు ఒకే పేరు కావాలి. రెండోది ఏదో ఒక గడిలో ఇరుక్కుంటుంది." ఎఫ్ఎన్‌యూ మోసిన మనిషితో వాదించలేం. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువు కావాలంటే జనన ధ్రువపత్రమే చూపించాలి. స్కూలుకీ అదే, పాస్‌పోర్టుకీ అదే. అందులో పడ్డ స్పెల్లింగే జీవితాంతం. అయితే తొందరపడక్కర్లేదు అన్న సంగతి చాలామందికి తెలీదు, మాకూ తెలీదు. పేరు లేకుండానే పుట్టుక నమోదు చెయ్యొచ్చు. తర్వాత ఏడాది లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అదీ దాటితే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా టైముంది. ఈ ముక్క చెప్పగానే ఇంట్లో అందరి బీపీ కొంచెం తగ్గింది.

ఆ మధ్యే ఒక కాల్‌లో మెక్సికో టీమ్ అమ్మాయి, మా మేనల్లుడి సంగతి అడిగింది. పేరు చెప్పాను. "రేయ్? అంటే మా భాషలో రాజు" అంది. స్పానిష్‌లో నిజంగానే అంతే. నా గుండె ఒకసారి ఆగింది, ఎందుకంటే తాత పేరులో రాజు ఉంది. ఇంకొంచెం తవ్వితే, ఆ రేయ్‌కి మూలమైన లాటిన్ రెక్స్, మన రాజన్ రెండూ ఒకే పాత వేరు నుంచి వచ్చినవే. అంటే అక్షరం కలవకపోయినా పేరు కలిసింది! కాల్ మధ్యలో మ్యూట్ చేసుకుని పరిగెత్తాను నాయనమ్మ గదిలోకి.

మొత్తం చెప్పాను. లాటిన్, స్పెయిన్, మెక్సికో అన్నీ. ఆవిడ ఓపిగ్గా వింది.

"మీ తాత తెనాలి దాటితే మజ్జిగ అరగదనేవాడు. ఆయన్ని స్పెయిన్ ఎందుకు తీసుకెళ్తావే" అంది.

నేను బిక్కమొహం వేసి మంచం చివర కూర్చున్నా. ఆవిడే మళ్లీ అంది. "వాడు ఎన్నింటికి పుట్టాడన్నావు?"

"రెండు నలభై."

"ఊ. నేనూ మేలుకునే ఉన్నా. మీ తాత పోయిన దగ్గర్నుంచి నాకు పగలు ఎలాగో గడిచిపోతుంది, రేయి గడవదు. ఆ రాత్రి మీ అమ్మ వచ్చి తలుపు కొట్టి చెప్పింది. తెల్లారేదాకా కూర్చుని కాఫీలు తాగాం." కాసేపు దుప్పటి అంచు సరిచేసింది. "సూర్యుడి ముక్కో ఏదో మీరు అనుకోండి. నాకు రేయి ముక్కే. పెట్టండి."

బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోశారు. అన్నయ్య ఉంగరం పట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రే రాశాడు. యా రాశాడు. అక్కడ ఆగి నా వైపు చూశాడు. న్ ఆ, సున్నా నా? శ నా, ష నా? వదిన వాళ్లమ్మ న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషులో చివర ఇంకో హెచ్ పెట్టాలని అప్పటికి మూడోసారి గుర్తుచేస్తున్నారు. పంతులుగారు ముహూర్తం అంటున్నారు.

"సున్న పెట్టరా. శంకరుడి శ" అంది నాయనమ్మ, వెనక కుర్చీలోంచి.

వదిన తలూపింది. రేయాంశ్ అని పడింది బియ్యంలో. శ పళ్లెం అంచుకి తగిలి కొంచెం వంకరగా వచ్చింది. ఒక్కొక్కరం వంగి బాబు చెవిలో పేరు మూడుసార్లు చెప్పాం. వాడు అందరికీ ఒకే నిద్రమొహం పెట్టాడు. నాయనమ్మ వంతు వచ్చింది. ఆవిడకి పూర్తి పేరు నోరు తిరగలేదో, తిరిగినా అనలేదో తెలీదు. ఉయ్యాల అంచు పట్టుకుని, పక్క వీధి వాళ్లకి కూడా వినబడేలా పిలిచింది.

"రేయ్!"

వాడు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "దీనికోసమా ఇన్ని రోజులు ఇంటర్నెట్ కాల్చారు. పేరు పెట్టకపోయినా అలాగే పిలిచేదాన్ని కదా" అంది.

పోయిన వారం ధ్రువపత్రంలో పేరు చేర్చడానికి ఆన్‌లైన్ ఫారం నింపాం. ఇంగ్లీషు గడిలో వదిన తన చేత్తో జాగ్రత్తగా కొట్టింది, అదనపు హెచ్ లేకుండా. తెలుగు గడి దానంతట అదే నిండింది. రేయాన్ష్. చెరిపి మళ్లీ రాశాను. సేవ్ నొక్కగానే మళ్లీ రేయాన్ష్ అయిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించి, స్క్రీన్‌షాట్ తీసి కంప్లైంట్ పెట్టాను. టికెట్ నంబర్ వచ్చింది. ఇంకా ఓపెన్‌లోనే ఉంది.